గంప ఒక్కపొద్దు

పిచ్చమ్మ రేవులో నిలబడి వంజరం ధర చెబితే, ఇంకా నీళ్ళలో ఉన్న వంజరాలకు కూడా తమ విలువెంతో తెలిసిపోతుందని నడిమిపాలెంలో నవ్వుకుంటారు. అంత గొంతు ఆమెది. ఇరవై తొమ్మిదేళ్ళుగా చేపలమ్ముతున్న మనిషి. తెల్లారేసరికి పడవల దగ్గరుంటుంది. గంపకెత్తుకుని, ఆటో ఎక్కి, పై ఊరి చేపల బజారులో కూర్చుని, అమ్ముడైనదాకా అమ్మి, మధ్యాహ్నం రెండు దాటాక ఇల్లు చేరుతుంది. బేరంలో తనను గెలిచినవాడు అల్లూరు నుంచి గూడూరు దాకా పుట్టలేదని ఆమె నమ్మకం. అందులో కొంత నిజం కూడా ఉంది.

ఇంత మనిషికీ ఒక నియమం ఉండేది. గంప నెత్తికెత్తాక ఇల్లు చేరేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. ఇది ఏ దేవుడికో మొక్కుకున్నది కాదు. బజారులో ఆడవాళ్ళు పక్కకు పోయే చోటు లేదు. ముందర బస్సులు ఆగే రోడ్డు, పక్కన టీ అంగళ్ళు, వెనక పంటకాలువ, ఆ కాలువ గట్టు మీద ఎప్పుడు చూసినా పేకాడుకునే మగవాళ్ళు. నీళ్ళు తాగితే కదా ఆ తిప్పలు, తాగకపోతే ఏ తిప్పలూ లేవు. చేపలమ్మే ఆడవాళ్ళంతా ఇదే పద్ధతి పెట్టుకుని, దానికి గంప ఒక్కపొద్దు అని పేరు కూడా పెట్టుకున్నారు. దేవుడి ఒక్కపొద్దుకు ఒక వారమో తిథో ఉంటుంది. దీనికి ఆదివారం సెలవు కూడా లేదు, ఆదివారమే చేపలు బాగా పోతాయి మరి.

రోజా పిచ్చమ్మకు కోడలు, స్వయానా అన్న కూతురు. కొడుకు సుబ్బుకు ఏడేళ్ళ కిందట చేసుకుంది. పెళ్ళైన మరుసటేడు మొదటిసారి గంప ఎత్తిన రోజున, ఆటో ఎక్కబోతూ ఆ పిల్ల చెంబెడు నీళ్ళు నోటికెత్తుకుంది. పిచ్చమ్మ ఆ చెంబు లాగేసుకుంది.

“యాడికి పోతుండామో తెలుసా మే నీకు? మజ్జానందాకా ఆడ కూచోవాల. ఈ నీళ్ళు నిన్ను కూచోనిస్తాయా?”

రోజా నోట్లో నాలుక లేని పిల్ల. సరేనంది. సరేనని ఊరుకోలేదు, ఆ విద్యలో అత్తనే మించిపోయింది. రాత్రి అన్నంలో తాగే నీళ్ళు కూడా సగం చేసింది. “నా కోడల్ని చూడండే, మూడైనా పెదవి తడపదు” అని పిచ్చమ్మ బజారంతా వినిపించేది. పక్కన ఎండుచేపలు పెట్టుకుని కూర్చునే పెంచలమ్మకు ఆ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

అట్లాంటి కోడలు పోయిన చలికాలం నుంచి బొడ్డు కింద చెయ్యి పెట్టుకుని ముడుచుకోవడం మొదలుపెట్టింది. నొప్పి వచ్చిందంటే మెలిపెట్టినట్టు వచ్చేది. కాసేపుండి పోయేది, నాలుగు రోజులాగి మళ్ళీ వచ్చేది.

పాలెంలో వైద్యులకు కొదవలేదు. ఎదురింటామె వేడి చేసిందని చెప్పి గుప్పెడు సబ్జా గింజలిచ్చింది. పక్కింటి వదిన గ్యాసు అని తేల్చి సోడా పట్టించింది. మూలింటి ముసలమ్మ బొడ్డు జారిందని పట్టుబట్టి, రోజాను వెల్లకిలా పడుకోబెట్టి, కడుపు మీద దీపం వెలిగించి దానిమీద చెంబు బోర్లించింది. బొడ్డు సంగతేమోగానీ చెంబు మాత్రం గట్టిగా పట్టుకుంది. దాన్ని ఊడబెరకడానికి ఇంటిల్లిపాదీ లాగవలసి వచ్చింది. సుబ్బు ఇవేవీ నమ్మకుండా మందుల షాపులో తెల్లబిళ్ళలు తెచ్చాడు. వేసుకున్న పూట నొప్పి అణిగేది, మర్నాడు రెట్టింపై వచ్చేది.

వేసవిలో వేట నిషేధం రెండు నెలలూ మాత్రం నొప్పి జాడ లేదు. పడవలు ఒడ్డెక్కాయి, ఆడవాళ్ళు ఇంటిపట్టున ఉన్నారు, రోజా నవ్వుతూ తిరిగింది. సరిగ్గా నిషేధానికి ముందే పిచ్చమ్మ పోలేరమ్మకు కోడిని మొక్కింది కాబట్టి, ఆ గొప్పంతా పోలేరమ్మకే దక్కింది. జూన్‌లో పడవలు మళ్ళీ నీళ్ళలో దిగాయి. నెల తిరక్కుండా నొప్పి కూడా దిగింది. కోడి పోయింది, నొప్పి మిగిలింది.

ఇక పిచ్చమ్మ ఆలస్యం చేయదలచుకోలేదు.

“సంచి తీయించేద్దాం” అంది. “పీడా వదిలిపోతాది.”

ఆమె ఈ మాట గాలికి అనలేదు. పాతికేళ్ళ వయసులో తనకూ ఇదే నొప్పి, ఇదే చోట. గంప ఎత్తిన రెండో ఏడే పట్టుకుంది. అప్పటికి సుబ్బుకు నాలుగేళ్ళు. గర్భసంచి చెడిపోయిందన్నారు, తీసేశారు. మూడు నెలలు పుట్టింట్లో ఉండి వచ్చింది, నొప్పి ఇట్టే మాయమైంది. తన ఒంటి మీద జరిగినదానికి మించిన సాక్ష్యం ఏముంటుంది? పైగా ఇది నడిమిపాలెంలో కొత్త కాదు. అక్కడ నలభై దాటిన ఆడవాళ్ళలో సంచి ఉన్నవాళ్ళను పోగేస్తే ఒక ఆటో కూడా నిండదు. పిచ్చమ్మ టౌన్లో ఒక నర్సింగ్ హోముకు పోయి మాట్లాడింది. అక్కడివాళ్ళు రోజా కడుపు మీద చెయ్యి కూడా వేయలేదు. కొడుకున్నాడా, ఉన్నాడు కదా, ఇంకేం అన్నారు. గురువారం పొద్దున రమ్మన్నారు.

రోజాకు ఇరవై ఆరేళ్ళు. ఆ మాట విన్న రోజున అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

వాళ్ళింట్లో వాసానికి ఒక నైలాను తాడు వేలాడుతూ ఉంటుంది. మనవడి ఉయ్యాల తాడు. వాడిప్పుడు బడికి పోతున్నాడు, ఉయ్యాల ఎక్కమంటే నవ్విపోతాడు. ఐసు పెట్టె ఆటోకు కట్టడానికి ఆ తాడు దివ్యంగా పనికొస్తుందని పిచ్చమ్మ దాన్ని విప్పబోయిన ప్రతిసారీ రోజా అడ్డం వచ్చేది.

“ఉండనీలే అత్తా.”

“అందులో ఎవురూగుతుండారే ఇప్పుడు?”

రోజా తాడు కొసను చుట్టి పైకి దోపేది. చెప్పకపోయినా పిచ్చమ్మకు తెలుసు. ఆ పిల్ల ఒక ఆడబిడ్డ కోసం కాచుకుని ఉంది. ఒకప్పుడు తనూ అట్లాగే కాచుకుంది కాబట్టి ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. గురువారం దాటితే ఆ తాడుకు ఇక పనుండదు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా పిచ్చమ్మ గొంతు పెంచి ఎవరినో ఒకరిని తిట్టేది. నొప్పితో చావడం కంటే నొప్పి లేకుండా బతకడం మేలు కాదా అని తనకు తనే చెప్పుకునేది.

మంగళవారం సాయంత్రం పాలెం క్లినిక్కు నర్సు మెర్లిన్ బీపీ చూడటానికి ఇంటికి వచ్చింది. మిషను పట్టీ పిచ్చమ్మ చేతికి చుడుతూ రోజా సంగతి విన్నది. విని పట్టీ గాలి తీసేసింది.

“ఏ పరీక్ష చేసినారు పిచ్చక్కా?”

“పరీక్షలెందుకు, నొప్పి కనపడతానే ఉండాది గదా.”

మెర్లిన్ వయసులో చిన్నదే అయినా ఈ పాలెంలో ఆరేళ్ళుగా ఉంటోంది. పిచ్చమ్మతో వాదించి గెలిచినవాళ్ళు లేరని ఆమెకు తెలుసు. అందుకని వాదించలేదు.

“సరేగానీ, అల్లూరులో లేడీ డాక్టరు చీటీ తెచ్చుకున్నావా?”

“ఏం చీటీ?”

“ఇంత చిన్న వయసులో సంచి తీయాలంటే ముందు ఆమె చీటీ ఉండాల. లేకపోతే రేప్పొద్దున ఏమన్నా అయితే తీసుకుపోయినోళ్ళ పేరు రాసుకుంటారంట.”

అట్లాంటి రూలు ఎక్కడా లేదు. మెర్లిన్ అప్పటికప్పుడు పుట్టించింది. పిచ్చమ్మ తుఫానుకు భయపడదు, పోలీసుకు భయపడదు, తన పేరు ఎక్కిన కాగితానికి మాత్రం భయపడుతుంది. బుధవారం బజారు మానుకుని కోడలిని వెంటబెట్టుకుని అల్లూరు ఆటో ఎక్కింది.

డాక్టరు వాణి సన్నగా, కళ్ళజోడుతో, ఎక్కడా తొందర లేకుండా కూర్చుని ఉంది. పిచ్చమ్మకు అది మొదటే నచ్చలేదు. చీటీ రాయడానికి ఇంత నింపాదెందుకు?

“చీటీ రాసిస్తే పోతాం డాక్టరమ్మా. రేపే ఆపరేషను.”

“రాస్తానమ్మా. ఏమని రాయాలో నాకు తెలియాలి కదా” అని ఆమె రోజా వైపు తిరిగింది. “నొప్పి ఎక్కడ? చూపించు.”

రోజా చూపించింది. ఆ తర్వాత డాక్టరు అడిగిన ప్రశ్నలకు అంతు లేదు. నెల సరిగ్గా వస్తోందా? వచ్చినప్పుడే నొప్పా, మామూలు రోజుల్లోనా? జ్వరం? తెల్లబట్ట? మలబద్ధకం? ఈ నెల తప్పిందా? రోజా ఒక్కోదానికి తల ఊపుతూనో అడ్డంగా తిప్పుతూనో ఉంది. మధ్యలో పిచ్చమ్మ కల్పించుకుంది.

“ఇన్నెందుకమ్మా? కడుపు కింద నొప్పంటే సంచి గాక ఇంకేముంటాది ఆడ?”

డాక్టరు పెన్ను పక్కన పెట్టింది.

“మీ పాలెంలో ఇళ్ళు ఎట్లా ఉంటాయి? దగ్గర దగ్గరగానా?”

“గోడకు గోడే.”

“ఒకింట్లో పిల్ల ఏడిస్తే?”

“నాలుగిళ్ళకు నిద్రుండదు.”

“ఈ చోటూ అంతే. గర్భసంచి ఒక్కటే కాపురం లేదిక్కడ. మూత్రసంచి ఉంది, పేగులున్నాయి, అండాశయాలు అటొకటి ఇటొకటి, కుడిపక్క అపెండిక్సు. ఎవరేడ్చినా నొప్పి ఈ చుట్టుపక్కలే వినపడుతుంది. నెలసరి నొప్పి కావచ్చు, అండాశయం మీద నీటిబుడగ కావచ్చు, లోపల చీము పట్టి ఉండొచ్చు, రాయి కావచ్చు. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలబడితే మాత్రం ప్రాణం మీదికే వస్తుంది. ఏడ్చేదెవరో చూడకుండా సంచిని పట్టుకుని ఇంట్లోంచి గెంటేస్తే, ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే ఉంటారు కదమ్మా?”

పిచ్చమ్మ చూపు కోడలి పొట్ట మీదికి పోయింది.

“ఒంటికి పోయేటప్పుడు మంటగా ఉంటుందా?” అని అడిగింది డాక్టరు.

రోజా అత్త వైపు చూసి, తల దించుకుని, అవునన్నట్టు ఊపింది.

“ఏందీ? మంటా?” పిచ్చమ్మ ఎగిరిపడింది. “నాకు చెప్పనే లేదే!”

“నువ్వు అడగలా గదత్తా” అంది రోజా మెల్లగా. “ఆ మాట ఎట్టా చెప్పేది?”

మూత్రం పరీక్షకని చిన్న సీసా ఇచ్చి పంపారు. రోజా పోయింది. పది నిమిషాలు, పావుగంట, ఇరవై నిమిషాలు. పిచ్చమ్మ వరండాలో అటూ ఇటూ తిరిగింది. చివరికి రోజా సీసా పట్టుకుని తిరిగొచ్చింది. అందులో చుక్క లేదు.

“రాలేదమ్మా” అంది డాక్టరుతో, పరీక్ష తప్పిన పిల్లలాగా.

“నీళ్ళెప్పుడు తాగావు?”

“రేత్రి.”

“రాత్రా? ఇప్పుడు పదకొండున్నర.”

ఇక్కడ పిచ్చమ్మకు ఊపిరాడినట్టయింది. ఇంతసేపటికి తనకు తెలిసిన సంగతి ఒకటి వచ్చింది. కుర్చీలో ముందుకు జరిగి, కొంగు సర్దుకుని, గర్వంగా చెప్పింది.

“మా కోడలు శానా గట్టిది డాక్టరమ్మా. గడప దాటిందంటే మజ్జానం రెండు మూడు దాకా చుక్క ముట్టదు. నేనే నేర్పినా. ఆరేళ్ళయింది, ఒక్కనాడు తప్పలా.”

డాక్టరు వాణి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“రోజూనా?”

“బజారుకు పోయే రోజంతా. మేమందరం అంతే. ఆడ పోను చోటు లేదు గదా.”

“మరి నొప్పి అసలు లేని రోజులేమన్నా ఉన్నాయా, ఈ ఏడాదిలో?”

“వేసంగిలో రెండు నెలలూ లేదు. పోలేరమ్మకు కోడి...”

పిచ్చమ్మ అక్కడ ఆగిపోయింది. వేసంగిలో రెండు నెలలు. వేట నిషేధం. బజారు లేదు, గంప లేదు. ఇంట్లో కుండ పక్కన కూర్చుని ఆ పిల్ల చెంబులకు చెంబులు తాగేది. నిజమే, తాగేది. ఆ కుండ నింపలేక తను విసుక్కుంది కూడా.

డాక్టరు స్కానింగుకు రాసింది. స్కానింగు గది దగ్గర నర్సు లీటరు నీళ్ళ సీసా రోజా చేతికిచ్చి, మొత్తం తాగాలి, తాగి ఆపుకోవాలి, అప్పుడే లోపల కనపడుతుంది అంది.

“మొత్తమా?” అంది పిచ్చమ్మ. బయటికొచ్చిన ఆడపిల్ల నలుగురి ముందు లీటరు నీళ్ళు తాగడమనేది ఆమె ఊహకు అందడం లేదు.

రోజా సీసా ఎత్తింది. ఒక గుక్క, రెండు గుక్కలు. ఆ తర్వాత ఆగలేదు. గొంతు కదులుతూనే ఉంది, పక్కనుంచి కొన్ని నీళ్ళు మెడ మీదికి జారాయి, ఆ పిల్ల తుడుచుకోనైనా లేదు. పిచ్చమ్మ చూస్తూ నిలబడింది. ఎంత దాహం వేసిందో ఈ పిల్లకు. ఆరేళ్ళ దాహం. తన చేత్తో లాక్కున్న చెంబు గుర్తొచ్చింది.

స్కానింగు అయ్యాక పరీక్ష సీసా కూడా నిండింది. సాయంత్రానికి అన్నీ తేలాయి. గర్భసంచి నిక్షేపంగా ఉంది. బుడగల్లేవు, రాళ్ళు లేవు. మూత్రంలో మాత్రం ఇన్‌ఫెక్షన్ బాగా ఉంది. తగ్గుతూ, నీళ్ళు లేక మళ్ళీ ముదురుతూ చలికాలం నుంచి సాగుతోంది. ఇట్లాగే వదిలేస్తే కిడ్నీల దాకా పోతుందంది డాక్టరు. మందులు రాసి, మధ్యలో మానకూడదని, పది రోజులాగి మళ్ళీ పరీక్షకు రావాలని చెప్పింది. ఆపుకోకూడదు, నీళ్ళు మానకూడదు.

“ఇంకో బిడ్డ కావాలనుందా?” అని అడిగింది ఊరికే, చీటీ మడుస్తూ.

“వద్దులే అమ్మా, ఒకడుండాడు” అని పిచ్చమ్మ అలవాటుగా జవాబిచ్చింది.

“నాకు ఆడబిడ్డ కావాల” అంది రోజా.

గట్టిగానే అంది. ఏడేళ్ళలో అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడటం పిచ్చమ్మ వినలేదు. తనే తన మాటకు బెదిరి రోజా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నవ్వి, మందులయ్యాక నిశ్చింతగా కను, సంచికేం ఢోకా లేదు అంది.

రోజా మందుల కిటికీ దగ్గరికి పోయింది. పిచ్చమ్మ లేవలేదు.

“డాక్టరమ్మా, ఒక మాట.”

“చెప్పమ్మా.”

“నాకూ ఇదే నొప్పి. ఇదే చోట. గంప ఎత్తిన రెండో ఏడు.” ఆమె గొంతు ఆమెకే కొత్తగా, చిన్నగా వినిపించింది. “సంచి తీసేసినాక మూడు నెలలు మాయమ్మ కాడ ఉండినా. గంప లేదు. అంబలి, మజ్జిగ, అడిగినన్ని నీళ్ళు. నొప్పి పోయింది. మళ్ళా గంప ఎత్తినాక అప్పుడప్పుడూ వస్తానే ఉండాది. కుట్ల నొప్పనుకున్నా ఇన్నాళ్ళూ. మరి నాది గూడా...”

డాక్టరు లేచి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

“అప్పటి కాగితాలు లేవు, పరీక్షలు లేవు. నిజంగానే సంచిలో ఏమన్నా ఉందేమో, లేదేమో. ఇప్పుడు నేను ఏది చెప్పినా అబద్ధమే అవుతుందమ్మా. మీరు కూడా ఒక సీసాలో పరీక్షకిచ్చి పోండి. అది మాత్రం చేయగలను.”

పిచ్చమ్మ తలూపింది. తన ఆడబిడ్డకు పెట్టుకోవాలనుకున్న పేరొకటి ఉండేది. ఇరవై ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు కూడా చెప్పలేదు. కళ్ళు తుడుచుకుని లేచింది. సీసా తీసుకుని, నీళ్ళెక్కడున్నాయో అడిగి, నిలబడ్డచోటే రెండు గ్లాసులు తాగింది.

ఇల్లు చేరేసరికి సుబ్బు పీట ఎక్కి నిలబడి ఉన్నాడు. వాసానికున్న తాడు ముడి విప్పుతున్నాడు. తల్లి నిన్న చెప్పి పెట్టిన పనే. ఐసు పెట్టెకు కట్టాలని ఆమే అంది.

“దిగరా!” పిచ్చమ్మ అరుపుకు పీట మీద మనిషి ఊగిపోయాడు. “ఎవురు విప్పమన్నారు నిన్ను?”

“నువ్వే గదమ్మా...”

“నేను వంద చెప్తా. ఆ తాడు జోలికి పోయినావంటే చేతులిరగ్గొడతా. గట్టిగా కట్టు ఆ ముడి. ఇంకోటెయ్.”

సుబ్బు భార్య వైపు చూశాడు. రోజా గోడ వైపు తిరిగి నవ్వుకుంటోంది. ఏమీ అర్థం కాని సుబ్బు తాడుకు ఇంకో ముడి వేసి దిగాడు. గురువారం వచ్చింది, పోయింది. టౌన్లో నర్సింగ్ హోముకు ఎవరూ పోలేదు.

నొప్పి నాలుగో రోజుకే సగానికి తగ్గింది. తగ్గినా మందు మానడానికి వీల్లేదని మెర్లిన్ రోజూ వచ్చి బిళ్ళలు లెక్కపెట్టేది. చీటీ రూలు ఉత్తుత్తిదని ఆ నర్సు పిల్ల ఒకరోజు నోరు జారితే, పిచ్చమ్మ ఆమెను పాలెం చివరిదాకా తిడుతూ సాగనంపి, వెనక్కి పిలిచి, చందువ చేపలు రెండు చేతిలో పెట్టింది.

కానీ అసలు చిక్కు అట్లాగే ఉంది. మందు తాగితే నొప్పి పోతుంది, బజారుకు పోతే మళ్ళీ వస్తుంది. నీళ్ళు తాగమంది డాక్టరమ్మ. తాగి ఎక్కడికి పోవాలి?

బజారు వెనక, కాలువ గట్టుకు ఈవల, ఒక గది ఉంది. తలుపు మీద ఆడమనిషి బొమ్మ ఎప్పుడో వేశారు, ఇప్పుడు వెలిసిపోయి ముక్కూ మూతీ లేవు. కట్టి ఎనిమిదేళ్ళయింది. కట్టిన నెలకే తాళం పడింది. తాళంచెవి బజారు వాచ్‌మన్ హజరత్తయ్య దగ్గర ఉంటుంది. అతను అందులో చీపుర్లు, గోనెసంచులు పెట్టుకుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్క ఆడమనిషి కూడా ఆ తాళంచెవి అడగలేదు. చేప పుచ్చిందన్నవాడి ఏడుతరాలను నడిరోడ్డు మీద కడిగేసే ఆడవాళ్ళే అందరూ. ఒక మగవాడి ముందు నిలబడి ఆ గది తాళం ఇవ్వమనడానికి మాత్రం నోరు రాలేదు. పిచ్చమ్మకూ రాలేదు.

మళ్ళీ బజారుకు పోయిన మొదటి రోజు, తొమ్మిది గంటలప్పుడు, బేరాలు బాగా ముదిరి ఉండగా పిచ్చమ్మ లేచి నిలబడింది. హజరత్తయ్య టీ అంగడి బల్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. దగ్గరికి పోయి మెల్లగా అడుగుదామనే అనుకుంది. కానీ మెల్లగా మాట్లాడటం ఆమెకు చేతకాదు కదా.

“హజరత్తయ్యా! ఆ గది తాళంచెవి తే!”

త్రాసులు ఆగాయి. కాలువ గట్టు మీద పేకముక్కలు కూడా ఆగాయి.

“ఏ గదక్కా?”

“ఆడోళ్ళ గది. నీ చీపుర్ల కోసం కట్టినారా దాన్ని? ఈడ నలభైమంది ఆడోళ్ళం పొద్దున్నించీ నీళ్ళు మానుకుని కూచోనుండాము, కడుపులు పాడు చేసుకుని. మేం గదా పోవాల అందులోకి!”

హజరత్తయ్య చెడ్డవాడేమీ కాదు. మొహం ఎర్రబడి, పేపరు మడిచి, జేబులన్నీ తడుముకున్నాడు.

“ఇన్నేళ్ళలో ఎవురూ అడగలా గదక్కా. మీకు అక్కర్లేదేమో అనుకున్నా.”

ఆ మాట విని పిచ్చమ్మకు తిట్టాలని నోటిదాకా వచ్చింది. “నువ్వు అడగలా” అని రోజా ఆసుపత్రిలో అన్నది గుర్తొచ్చి ఆగిపోయింది. అడగలేదు, నిజమే. చేయి చాచింది. తాళంచెవి చేతిలో పడింది. దాన్ని పుస్తెలతాడు పక్కనే నల్లదారానికి కట్టి మెళ్ళో వేసుకుంది.

గది కడగడానికి ఆ పూటంతా పట్టింది. కడిగింది పదిమంది ఆడవాళ్ళు, నీళ్ళు మోసింది హజరత్తయ్య.

నెల తిరిగింది. రోజా రెండోసారి పరీక్షలో ఏమీ లేదని తేలింది. గంప పక్కన ఇప్పుడు పెద్ద నీళ్ళ సీసా ఉంటోంది. అత్తాకోడళ్ళిద్దరూ వంతులేసుకుని తాగుతారు. పిచ్చమ్మ కుట్ల నొప్పి కూడా, చిత్రంగా, ఈ మధ్య రావడం లేదు. దాని గురించి ఆమె ఎక్కువ ఆలోచించదు. ఆలోచించిన పూట చేపల ధర కాస్త పెంచి చెబుతుంది.

ఒకరోజు ఎండుచేపల పెంచలమ్మ తన కొత్త కోడలిని బజారుకు తీసుకొచ్చింది. అనూష అని పేరు, పెళ్ళై మూడు నెలలు. ఆటో దిగి, మొదటిసారి ఎత్తిన గంప దించి, ఆ పిల్ల చేతిసంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. పెంచలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. నెల రోజులుగా తనూ నీళ్ళు తాగుతూనే ఉంది, అయినా ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటది పోయింది.

“మజ్జానందాకా కూచోవాలమ్మే. ఇప్పుడే తాగితే...”

పిచ్చమ్మ చేతిలో చేప వదిలేసి లేచింది. పెంచలమ్మ చెయ్యి తీసి పక్కన పెట్టింది. అనూష ముందు గొంతుక్కూర్చుని, ఆ సీసా మూత తనే తిప్పి తీసి, ఆ పిల్ల చేతికి తిరిగిచ్చింది.

“తాగు బిడ్డా. అంతా తాగు” అంది. “తాళంచెవి నా కాడ ఉండాది.”